పసిపిల్లల్ని ఎత్తుకోవద్దన్న సైన్స్ మాట ఎలా మార్చుకుంది?

ఈ ఎపిసోడ్ ఒక పుస్తకంతో మొదలుపెడదాం. 1928లో అమెరికాలో వచ్చిన పిల్లల పెంపకం పుస్తకం. రాసింది జాన్ బి. వాట్సన్. ఆషామాషీ మనిషి కాదు, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి ప్రెసిడెంట్‌గా పనిచేసినవాడు. తల్లులకి ఆయన ఇచ్చిన సలహా సారాంశం ఇది. పిల్లల్ని కౌగిలించుకోవద్దు, ముద్దులు పెట్టొద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు. మరీ ఉండబట్టకపోతే రాత్రి పడుకునే ముందు నుదుటి మీద ఒక్క ముద్దు. పొద్దున లేచాక షేక్‌హ్యాండ్.

అవును, నిజంగానే షేక్‌హ్యాండ్. కన్నబిడ్డకి.

నవ్వొస్తోంది కదా. కానీ "ఊరికే ఎత్తుకోకు, చేతి అలవాటైపోతుంది" అనే మాట మన ఇళ్ళల్లో కూడా వింటూనే ఉంటాం. పక్కింటి ఆంటీ అంటుంది, ఒక్కోసారి సొంత అత్తయ్యే అంటుంది. ఆ రోజుల్లో అమెరికా, యూరప్‌లలో ఇదే మాట డాక్టర్లు, సైంటిస్టులు, గవర్నమెంట్ అందరూ కలిసి చెప్పారు. ఆ మాట మారడానికి దాదాపు 60 ఏళ్ళు పట్టింది. మధ్యలో ఎంతోమంది పిల్లలు దెబ్బతిన్నారు, కొన్ని వేలమంది చనిపోయారు. ఇవాళ ఆ కథే చెప్పుకుందాం.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

వాట్సన్‌ని తిట్టే ముందు ఆ కాలం ఎలా ఉండేదో చూడాలి. 19వ శతాబ్దం చివర్లో న్యూయార్క్ లాంటి పెద్ద నగరాల్లో విరేచనాలు, డిఫ్తీరియా, క్షయ పసిపిల్లల్ని ఎత్తుకుపోయేవి. యాంటీబయాటిక్స్ లేవు. అప్పుడప్పుడే రోగాలకి కారణం సూక్ష్మజీవులని తేలింది. అంటే డాక్టర్లకి మొదటిసారి శత్రువు ఎవరో తెలిసింది. ఆ శత్రువు కంటికి కనపడదు. మనుషుల చేతుల మీద, ఊపిరిలో, ముద్దులో ఉంటుంది.

1894లో లూథర్ ఎమ్మెట్ హోల్ట్ అనే పిల్లల డాక్టర్ ఒక చిన్న పుస్తకం రాశాడు. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు, ఇలా ఉంటుంది. మన వెబ్‌సైట్లలో ఎఫ్ఏక్యూ పేజీ లాగా అన్నమాట. పాలు శుభ్రంగా ఎలా ఉంచాలి, సీసా ఎలా కడగాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. మంచి విషయాలే. అదే పుస్తకంలో 6 నెలల లోపు బిడ్డతో అసలు ఆడకూడదని కూడా ఉంది. ముద్దుల వల్ల రోగాలు అంటుకుంటాయి, తప్పదనుకుంటే బుగ్గ మీదో నుదుటి మీదో పెట్టండి, అదీ తగ్గిస్తే మంచిది అని ఉంది. అమెరికాలో ఒక తరం మొత్తం ఈ పుస్తకం చూసే పిల్లల్ని పెంచింది. 1914లో అమెరికా ప్రభుత్వం తల్లుల కోసం వేసిన బుక్‌లెట్ కూడా ఇంచుమించు ఇదే పాట పాడింది. గడియారం చూసి పాలు, గడియారం చూసి నిద్ర, ఆటలు తగ్గించండి అని.

వాట్సన్ దీనికి ఇంకో మెట్టు కట్టాడు. మనిషి ప్రవర్తన అంతా అలవాట్లే అన్నది ఆయన సిద్ధాంతం. 1920లో రోసలీ రేనర్‌తో కలిసి చేసిన ప్రయోగం గురించి సైకాలజీ చదివినవాళ్ళు వినే ఉంటారు. దాదాపు 11 నెలల బాబుకి తెల్ల ఎలుకని చూపించి, వెనకాల ఇనుప కడ్డీ మీద సుత్తితో గట్టిగా కొట్టేవారు. కొన్నిసార్లు అలా చేశాక ఎలుకని చూస్తేనే బాబు ఏడవడం మొదలుపెట్టాడు. భయం నేర్పించగలిగితే ప్రేమ కూడా నేర్పించిన అలవాటే, ముద్దు చేస్తే చెడ్డ అలవాటు అవుతుంది, ఏడిస్తే ఎత్తుకుంటే ఏడవడం నేర్చుకుంటాడు. ఇదీ ఆయన లాజిక్. అదే ఏడాది యూనివర్సిటీ ఉద్యోగం పోయింది. తర్వాత అడ్వర్టైజింగ్ కంపెనీలో చేరి పెద్ద పొజిషన్‌కి వెళ్ళాడు. ఒక మాట జనంలోకి ఎలా పంపాలో బాగా తెలిసినవాడు కాబట్టి పుస్తకం బాగా వెళ్ళింది.

ఇన్‌పుట్ ఇదిస్తే అవుట్‌పుట్ అదొస్తుంది అని బిడ్డని ఒక ఫంక్షన్‌లా చూశాడు వాట్సన్. నేను కొన్నేళ్ళు కోడ్ రాసి బతికాను కాబట్టి ఆ ఆలోచన ఎందుకంత టెంప్టింగ్‌గా ఉంటుందో నాకు అర్థమవుతుంది. లెక్క చక్కగా కుదురుతుంది. కుదరనిది ఒక్కటే, బిడ్డ.

శుభ్రంగా ఉన్నా ఎందుకు చనిపోతున్నారు?

ఈ సలహాలు మామూలు ఇళ్ళల్లో పూర్తిగా అమలయ్యేవి కావు. తల్లి మనసు ఊరుకోదు, అమ్మమ్మ ఊరుకోదు, ఎవరో ఒకరు దొంగచాటుగానైనా ఎత్తుకుంటారు. పూర్తిగా అమలైన చోటు వేరే ఉంది. అనాథాశ్రమాలు, ఆసుపత్రులు.

1915లో హెన్రీ చాపిన్ అనే డాక్టర్ అమెరికాలోని 10 శిశు ఆశ్రమాల లెక్కలు బయటపెట్టాడు. ఒక్కటి తప్ప మిగతా అన్నిచోట్లా రెండేళ్ళలోపు పిల్లలు అందరూ చనిపోయారు. అందరూ అంటే అందరూ. దీనికి అప్పటి డాక్టర్లు తీసుకున్న అర్థం "క్రిములు ఇంకా ఎక్కువున్నాయి, ఇంకా దూరం పెట్టండి" అని. ఉయ్యాలకీ ఉయ్యాలకీ మధ్య అడ్డుగోడలు వచ్చాయి, మాస్కులు వచ్చాయి, బిడ్డని ముట్టుకునే సార్లు తగ్గాయి.

న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో 1930లలో హ్యారీ బాక్విన్ అనే డాక్టర్ పిల్లల విభాగం చూసేవాడు. ఆయన ఒక విచిత్రం గమనించాడు. ఆసుపత్రిలో ఎంత మంచి ఆహారం పెట్టినా బరువు పెరగని బిడ్డ, పేద ఇంటికి తిరిగి పంపితే కొద్ది రోజుల్లోనే కోలుకుంటోంది. ఇంట్లో క్రిములు ఎక్కువ, ఆహారం తక్కువ. అయినా కోలుకుంటోంది. 1942లో పసిపిల్లల ఒంటరితనం గురించి ఆయన పేపర్ రాశాడు. వార్డులో చేతులు కడుక్కోమనే బోర్డులు తీయించి, బిడ్డని ఎత్తుకోకపోతే లోపలికి రావద్దనే అర్థంలో బోర్డులు పెట్టించాడని చెబుతారు.

అసలు దెబ్బ కొట్టింది రెనే స్పిట్జ్. వియన్నాలో పుట్టి అమెరికా వచ్చిన సైకోఅనలిస్ట్. 1945లో ఆయన రెండు చోట్ల పెరుగుతున్న పిల్లల్ని పోల్చాడు. మొదటిది అనాథ శిశువుల ఆశ్రమం. శుభ్రం, మంచి తిండి, డాక్టర్లు, అన్నీ ఉన్నాయి. కానీ ఒక్కో నర్సు చేతిలో ఏడెనిమిది మంది పిల్లలకి తక్కువ లేరు. ఉయ్యాలల చుట్టూ దుప్పట్లు వేలాడదీసేవాళ్ళు. బిడ్డకి పైకప్పు తప్ప ఇంకేమీ కనపడదు. రెండోది ఒక మహిళల జైలు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న తల్లులే తమ పిల్లల్ని రోజూ చూసుకునేవాళ్ళు. ఎత్తుకునేవాళ్ళు, ఆడించేవాళ్ళు, ఒకరి బిడ్డని చూసి ఒకరు మురిసేవాళ్ళు.

పుట్టిన మొదటి నాలుగు నెలల్లో ఆశ్రమం పిల్లలే ముందున్నారు. ఎదుగుదల కొలిచే పరీక్షలో వాళ్ళ సగటు స్కోరు 124, జైలు పిల్లలది 101. ఏడాది చివరికి వచ్చేసరికి జైలు పిల్లలు 105. ఆశ్రమం పిల్లలు 72. తర్వాత ఇంకా పడిపోయింది. రెండేళ్ళు దాటినా చాలామందికి నడక రాలేదు, మాట రాలేదు. తర్వాతి రెండేళ్ళలో ఆశ్రమంలోని 91 మంది పిల్లల్లో 34 మంది చనిపోయారు. జైలులో ఒక్కరు కూడా చనిపోలేదు.

స్పిట్జ్ లెక్కల మీద తర్వాత విమర్శలు వచ్చాయి. రెండు గుంపుల పిల్లల నేపథ్యాలు ఒకటి కాదు, పద్ధతి వివరాలు సరిగా చెప్పలేదు అన్నారు. న్యాయమైన విమర్శే. కానీ 1947లో ఆయన ఒక మూకీ సినిమా తీసి డాక్టర్లకి చూపించాడు. నవ్వే బిడ్డ, తల్లి దూరమైన కొన్ని వారాలకి ఏడ్చే బిడ్డ, ఆ తర్వాత ఏడుపు కూడా మానేసి శూన్యంలోకి చూసే బిడ్డ. ఆ మొహాలు చూశాక "ఇది క్రిముల సమస్య" అని మళ్ళీ అనడం కష్టమైంది.

లారా అనే పాప

ఇప్పుడు అమెరికా నుంచి లండన్ వెళ్దాం. 1949లో లండన్ ఆసుపత్రుల్లో పిల్లల వార్డులకి విజిటింగ్ అవర్స్ ఎలా ఉండేవో వినండి. గైస్ ఆసుపత్రిలో ఆదివారం 2 నుంచి 4 వరకు. అంతే, వారానికి రెండు గంటలు. సెయింట్ థామస్‌లో మొదటి నెల అసలు కలవనివ్వరు, రాత్రి 7 నుంచి 8 మధ్య బిడ్డ నిద్రపోతుంటే చూసి వెళ్ళొచ్చు. ఇంకో ఆసుపత్రిలో మూడేళ్ళలోపు పిల్లలైతే అద్దాల అవతల నుంచి చూడటమే.

దీనికి ఆసుపత్రులు చెప్పే కారణం ఏంటంటే, అమ్మానాన్న వస్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే నిశ్శబ్దంగా ఉంటారు. "కుదురుకున్నాడు" అనేవాళ్ళు నర్సులు.

జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయనకి ఆ నిశ్శబ్దం మీద అనుమానం వచ్చింది. పెద్ద డిగ్రీలతో మొదలైన మనిషి కాదు ఈయన. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ లండన్‌లో నడిపిన పిల్లల నర్సరీలో బాయిలర్లు చూసుకునే ఉద్యోగి. అక్కడ ఒక రూల్ ఉండేది. బాయిలర్ పని చేసేవాడైనా సరే, పిల్లల్లో గమనించింది కార్డు మీద రాసి ఇవ్వాలి. అలా చూడటం నేర్చుకున్నాడు.

యుద్ధం తర్వాత రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లో పిల్లల్ని గమనించి, ఆ నిశ్శబ్దం వెనక మూడు దశలున్నాయన్నాడు. మొదట ఏడ్చి గోల చేస్తారు. తర్వాత ఆశ వదిలేసి ముడుచుకుపోతారు. చివరికి అమ్మతో ఉన్న బంధమే తెంచుకున్నట్టు ఉంటారు, ఎవరొచ్చినా నవ్వుతారు. ఆ మూడో దశనే అందరూ కుదురుకోవడం అనుకుంటున్నారు. చెబితే ఎవరూ నమ్మలేదు. దాంతో ఒక కెమెరా కొన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ సినిమా తీసింది లేదు. 1952లో, వెయిటింగ్ లిస్టులోంచి ఏరకుండా తీసుకున్న లారా అనే రెండున్నరేళ్ళ పాప చిన్న ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో గడిపిన 8 రోజుల్ని చిత్రీకరించాడు. కావాలని ఏడుపు సీన్లే తీశావని అనకుండా రోజూ ఒకే టైముకి తీశాడు, ఫ్రేములో గడియారం కూడా కనపడేలా.

లారా పెద్దగా ఏడ్చే పిల్ల కాదు. మొహం బిగించుకుని, బొమ్మని పట్టుకుని, మధ్యమధ్యలో అమ్మ ఏదని మెల్లగా అడుగుతుంది. అమ్మ చూడటానికి వచ్చినప్పుడు మొహం తిప్పేసుకుంటుంది. మొత్తం సినిమాలో నన్ను పట్టేసింది ఆ ఒక్క విషయమే. రెండున్నరేళ్ళ పాప, అలిగి, మొహం తిప్పేసుకుంటుంది.

ఆ ఏడాది నవంబర్‌లో డాక్టర్ల సభలో సినిమా వేస్తే చాలామంది మండిపడ్డారు. ఆసుపత్రుల పరువు తీస్తున్నాడన్నారు. కానీ సినిమా ఆగలేదు. 1959లో బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన ప్లాట్ కమిటీ రిపోర్ట్, పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రుల్ని ఏ టైములోనైనా రానివ్వాలని సిఫార్సు చేసింది. ఇవాళ పిల్లల వార్డులో బెడ్ పక్కన అటెండెంట్‌కి కుర్చీ వేయడం మనకి మామూలు విషయం. ఆ కుర్చీ కోసం ఒక బాయిలర్ ఉద్యోగి చాలా ఏళ్ళు కొట్లాడాడు.

పాల కోసమేనా?

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలింది. బిడ్డకి తల్లి ఎందుకు కావాలి? అప్పటి సమాధానం చాలా సింపుల్. పాలిస్తుంది కాబట్టి. ఆకలి తీర్చేవాళ్ళంటే ఇష్టం పుడుతుంది, అంతే.

రాబర్ట్‌సన్‌తో కలిసి పనిచేసిన జాన్ బౌల్బీ దీన్ని ఒప్పుకోలేదు. బౌల్బీ ఉన్నత కుటుంబంలో ఆయాల చేతుల్లో పెరిగినవాడు. బాగా దగ్గరైన ఆయా ఆయనకి నాలుగేళ్ళప్పుడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం, యుద్ధంలో ఇల్లూ తల్లిదండ్రులూ పోగొట్టుకున్న పిల్లల మీద ఆయన రిపోర్ట్ రాశాడు. బిడ్డకి ఒక మనిషితో ఎడతెగని, ఆప్యాయమైన సంబంధం ఉండాలి, అది విటమిన్ల లాంటిదే అన్నది దాని సారం.

1958లో అమెరికాలో హ్యారీ హార్లో కోతి పిల్లలతో దీన్ని పరీక్షించాడు. తల్లి నుంచి వేరు చేసిన కోతి పిల్లకి రెండు బొమ్మ తల్లులు. ఒకటి ఇనుప తీగల బొమ్మ, దానికి పాల సీసా ఉంది. ఇంకోటి మెత్తటి బట్ట చుట్టిన బొమ్మ, పాలు లేవు. పిల్ల ఇనుప తల్లి దగ్గర పాలు తాగి, వెంటనే వచ్చి బట్ట తల్లిని కరుచుకునేది. రోజులో ఎక్కువసేపు అక్కడే. భయమేసినా అక్కడికే పరుగు. పాల సిద్ధాంతం అక్కడితో కూలిపోయింది. ఆ ప్రయోగాల్లో క్రూరత్వం చాలా ఉంది, ఇవాళ అలాంటివి చేయనివ్వరు. ఒక విషయం మాత్రం మర్చిపోకూడదు. బట్ట తల్లితో పెరిగిన పిల్లలు కూడా సరిగా ఎదగలేదు. తోటి కోతులతో కలవలేకపోయాయి, తల్లులయ్యాక సొంత పిల్లల్నే తోసేశాయి. మెత్తగా ఉంటే చాలదన్నమాట. ఎదుటి మనిషి తిరిగి స్పందించాలి.

ఇక్కడ జాగ్రత్త. బౌల్బీ మాటల్ని పట్టుకుని "అయితే ఆడవాళ్ళు ఉద్యోగాలు మానేసి ఇంట్లో కూర్చోవాలి" అన్నవాళ్ళు చాలామంది వచ్చారు. ఇప్పటికీ అంటున్నారు. చరిత్ర అలా చెప్పలేదు. బౌల్బీ దగ్గర పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1954లో ఉగాండా వెళ్ళి, కంపాలా చుట్టుపక్కల 26 కుటుంబాల్లో పసిపిల్లల్ని నెలల తరబడి గమనించింది. అక్కడ బిడ్డలు తల్లితో పాటు ఇంట్లో ఇతరుల చేతుల్లో కూడా పెరిగేవాళ్ళు. తల్లితో పాటు నాన్నకి, అమ్మమ్మకి, అక్కకి కూడా వాళ్ళు దగ్గరవ్వడం ఆమె చూసింది. తేడా తెచ్చింది గంటల లెక్క కాదు. బిడ్డ ఇచ్చే సైగని పెద్దవాళ్ళు ఎంత బాగా పట్టుకుని జవాబిస్తున్నారన్నది. బిడ్డ ఏడుపుకి మొదటి నెలల్లో వెంటనే స్పందించిన ఇళ్ళల్లో, ఏడాది చివరికి పిల్లలు తక్కువ ఏడుస్తున్నారని ఆమె బృందం తర్వాత అమెరికాలో చేసిన పరిశీలనలో తేలింది. వాట్సన్ లెక్కకి పూర్తి రివర్స్.

త, ట, ఇంకా టీవీ

ఆ స్పందన ఏం చేస్తుందో తర్వాతి తరం ఇంకా దగ్గరగా చూసింది. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగం వీడియో చాలామంది చూసే ఉంటారు. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ, కాసేపు మొహంలో ఏ భావమూ లేకుండా బొమ్మలా అయిపోతుంది. రెండు మూడు నిమిషాలే. బిడ్డ ముందు నవ్వుతుంది, చెయ్యి చాపుతుంది, అరుస్తుంది, అమ్మని మళ్ళీ ఆటలోకి లాగాలని చూస్తుంది. జవాబు రాకపోతే మొహం తిప్పుకుని కుంగిపోతుంది. మా నెట్‌వర్కింగ్ భాషలో పింగ్ వెళ్తోంది, రిప్లై రావట్లేదు. నాలుగైదు నెలల బిడ్డకి కూడా రిప్లై వస్తుందని ఎదురుచూడటం తెలుసు.

భాష సంగతి ఇంకా ఆసక్తికరం, ఇందులో మనకి దగ్గర విషయం ఉంది. మన త, ట వేరు కదా. తాత వేరు, టాటా వేరు. ఇంగ్లీషువాళ్ళకి ఈ రెండూ ఒకటే, అందుకే మన భాష పేరు వాళ్ళ నోట "టెలుగు" అవుతుంది. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ ఈ తేడానే హిందీ శబ్దాలతో పసిపిల్లల మీద పరీక్షించారు. ఇంగ్లీషు ఇళ్ళల్లో పెరుగుతున్న 6 నుంచి 8 నెలల పిల్లలు త, ట తేడాని చక్కగా పట్టుకున్నారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి చాలామందికి ఆ శక్తి పోయింది. చుట్టూ వినపడే భాషకి ఏ తేడాలు అవసరమో వాటినే మెదడు పదును పెట్టుకుంటోంది. బిడ్డ ఇంకా ఒక్క మాట కూడా పలకకముందే ఈ పని జరిగిపోతోంది. ఉంగా ఉంగా అనే వయసులో మనం చెప్పే కబుర్లు వృథా కాదన్నమాట.

మరి ఆ శబ్దాలు టీవీలో వినిపిస్తే సరిపోతుందా? 2003లో అమెరికాలో పెట్రీషియా కూల్ బృందం ఇదే అడిగింది. 9 నెలల అమెరికన్ పిల్లలకి 12 విడతల్లో చైనా మాండరిన్ వినిపించారు. కొంతమందికి మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడుతూ మాట్లాడారు. ఇంకొంతమందికి అదే మనుషులు, అదే మాటలు వీడియోలో. ఎదురుగా విన్న పిల్లలు మాండరిన్ శబ్దాల తేడా నేర్చుకున్నారు. వీడియో చూసినవాళ్ళు ఏమీ నేర్చుకోలేదు, అసలు మాండరిన్ విననివాళ్ళతో సమానం. వీడియోలు చేసి బతికే నేను ఈ మాట చెప్పడం కాస్త ఇబ్బందే, కానీ నిజం అది.

రొమేనియా

ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద విషాదం జరిగేసరికి ఇవన్నీ చాలావరకు తెలిసినవే. రొమేనియా నియంత చౌషెస్కు 1966లో జనాభా పెంచాలని అబార్షన్లు దాదాపు నిషేధించాడు. గర్భనిరోధక సాధనాలు దొరకనివ్వలేదు. పేదరికంలో కన్న పిల్లల్ని పెంచలేక జనం ప్రభుత్వ ఆశ్రమాల్లో వదిలేశారు. ప్రభుత్వమే మీకన్నా బాగా పెంచుతుందని ప్రచారం. 1989 డిసెంబర్‌లో ఆ ప్రభుత్వం కూలినప్పుడు ఆశ్రమాల్లో లక్షకి పైగా పిల్లలున్నారు. లోపలికి వెళ్ళిన విలేకరులు వరసగా ఇనుప ఉయ్యాలలు చూశారు, వాటిల్లో తమని తామే ఊపుకుంటున్న పిల్లల్ని చూశారు. చాలా గదుల్లో ఏడుపు వినపడలేదు. ఏడిస్తే ఎవరూ రారని వాళ్ళకి అప్పటికే తెలుసు.

2000లో చార్ల్స్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్ల్స్ జీనా అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు బుకారెస్ట్‌లో పని మొదలుపెట్టారు. ఆరు ఆశ్రమాల్లోని 6 నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లలు. చీటీలు తీసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకి పంపారు, సగం మంది అప్పటి ఏర్పాట్లలోనే ఉన్నారు. ఆ ఊళ్ళో పెంపుడు కుటుంబాల పద్ధతి దాదాపు లేదు, వీళ్ళే 56 కుటుంబాల్ని సిద్ధం చేశారు. సగం మందిని వదిలేయడం న్యాయమా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వాళ్ళ జవాబు ఏంటంటే, ప్రాజెక్టు లేకపోతే అందరూ అక్కడే ఉండేవాళ్ళు, ఆశ్రమంలో ఉన్నవాళ్ళకి ఎక్కడైనా కుటుంబం దొరికితే అడ్డుపడలేదు అని.

నాలుగున్నరేళ్ళు వచ్చేసరికి ఆశ్రమం గుంపు సగటు ఐక్యూ సుమారు 73. పెంపుడు కుటుంబాల గుంపు 81. మామూలుగా సొంత ఇంట్లో పెరిగిన అదే ఊరి పిల్లలు 109. పెంపుడు కుటుంబంలోకి రెండేళ్ళలోపే వెళ్ళినవాళ్ళు ఇంకా బాగా కోలుకున్నారు, ఆలస్యంగా వెళ్ళినవాళ్ళు తక్కువ. అంటే మెదడు ఎదురుచూస్తుంది, కానీ ఎల్లకాలం కాదు. 2004లో వచ్చిన రొమేనియా చట్టం రెండేళ్ళలోపు పిల్లల్ని ఆశ్రమాల్లో పెట్టడాన్ని నిషేధించింది.

మరి మనం?

మా బీటెక్ బ్యాచ్‌లో ఇప్పుడు వరసగా పిల్లలు పుడుతున్నారు. గ్రూపులో క్రికెట్ మీమ్స్ మధ్యలో ప్రశ్నలొస్తున్నాయి. ఏడిస్తే వెంటనే ఎత్తుకోవాలా, కాసేపు వదిలేయాలా? అన్నం తినడానికి ఫోన్ పెట్టొచ్చా? నేను డాక్టర్‌ని కాదు, బిడ్డ ఆరోగ్యం గురించి మీ డాక్టర్‌నే అడగండి. చరిత్ర దగ్గర మాత్రం కొన్ని జవాబులున్నాయి.

మొదటి నెలల్లో ఎత్తుకుంటే పాడైపోతారన్న మాటకి రుజువు దొరకలేదు. ఎత్తుకోకపోతే ఏమవుతుందో చెప్పే రుజువులు మాత్రం ఇప్పటిదాకా విన్నాం. ప్రతి ఏడుపుకీ క్షణంలో పరిగెత్తలేకపోయారని గిల్టీ ఫీల్ అవ్వక్కర్లేదు. ట్రోనిక్ చెప్పేదే అది. మామూలు ఇళ్ళల్లో కూడా తల్లీబిడ్డల మధ్య లయ చాలాసార్లు తప్పుతుంది. తప్పినప్పుడు మళ్ళీ కలుస్తున్నారా అన్నదే ముఖ్యం. దోబూచులాట ఎందుకంత ఇష్టం పిల్లలకి? మొహం మాయమవుతుంది, మళ్ళీ వస్తుంది. వస్తుందన్న నమ్మకమే ఆ ఆట.

ఫోన్ విషయం. ఏడాదిలోపు పిల్లలకి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇందులో అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక ఊరట ఉంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు, రెండున్నరేళ్ళ పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త మాటలు నేర్చుకోలేదు, లైవ్ వీడియో కాల్ నుంచి నేర్చుకున్నారు. తేడా స్క్రీన్‌లో లేదు, అవతలి మనిషి జవాబిస్తున్నారా లేదా అన్నదాంట్లో ఉంది. గుంటూరులో ఉన్న అమ్మమ్మ డాలస్‌లో ఉన్న మనవడితో ఫోన్లో ఊ కొట్టించుకుంటూ కథ చెబితే, రైమ్స్ ఛానెల్‌కీ దానికీ పోలిక లేదు.

ఇంకో విషయం, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. బిడ్డకి జవాబివ్వాలంటే ఇంట్లో ఎవరో ఒకరికి టైమ్ ఉండాలి. 2017 సవరణ తర్వాత మన చట్టం తల్లికి 26 వారాల జీతంతో సెలవు ఇస్తోంది. 50 మందికి పైగా ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలంటోంది. కానీ ఇది కొలువుల్లో ఉన్నవాళ్ళకి. కూలికి వెళ్ళే తల్లి, ఇళ్ళల్లో పనిచేసే తల్లి బిడ్డని ఎవరి చేతుల్లో పెట్టాలి? నాన్నలకైతే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో 15 రోజులు, ప్రైవేటులో కంపెనీ దయ. ఒక నర్సుకి ఏడెనిమిది మంది పిల్లలుంటే ఏమవుతుందో 1945లోనే లెక్క తేలింది. మీ పిల్లల్ని క్రెష్‌లో చేర్చే ముందు గోడల మీద బొమ్మలు చూడకండి. ఒక్కో ఆయాకి ఎంతమంది పిల్లలు, ఆయాలు ఎంత తరచుగా మారుతున్నారు, ఈ రెండూ అడగండి.

ఈ చరిత్రలో సైన్స్ మాట మార్చుకుందంటే దానికి కారణం ఎవరో వార్డులో నిలబడి ఆ పిల్లల మొహాల్లోకి చూడటం. ఇంట్లో మనం చేయాల్సిన పని కూడా దాదాపు అదే. చంటిబిడ్డ మిమ్మల్ని చూసి ఉంగా అంటే, ఫోన్ పక్కన పెట్టి మీరూ ఉంగా అనండి. ఈ వీడియో తర్వాతైనా చూసుకోవచ్చు.

మీ ఇంట్లో పిల్లల్ని ఎత్తుకోవడం గురించి పెద్దవాళ్ళు ఏమంటారో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.